కాశమ్మ చెయ్యేసిన ఫోను

గాజువాకలో సెల్‌ఫోన్లు అమ్మే పనిలో నాకిది పదకొండో ఏడు. గుమ్మంలో మనిషి చెప్పులు విడిచేలోపే ఎంతలో కొంటాడో, ఎలా కొంటాడో చెప్పేస్తానని నాకు గొప్ప పొగరు. నోరు కూడా ఎక్కువే. మా నాన్న తణుకు నుంచి స్టీల్ ప్లాంట్ ఉద్యోగానికి వచ్చినప్పుడు బట్టల పెట్టెతోపాటు గోదావరి వెటకారం కూడా తెచ్చుకున్నాడు. ఉద్యోగం ఆయనతో అయిపోయింది, వెటకారం మాత్రం నాకు వచ్చింది.

మా షాపులో నా అసలు పని ఫోన్ అమ్మడం కాదు, వాయిదాల్లో అమ్మడం. నెలకు పదిహేను వాయిదా ఫైళ్ళు చెయ్యాలి. ఫైలుకు రెండొందల యాభై నా చేతికొస్తుంది. అందుకే ఎవరొచ్చినా 'నెలకు ఇంతేనండీ' అని మొదలుపెడతాను. మొత్తం ఎంతవుతుందో చివర్లో, కొంచెం తగ్గిన గొంతుతో చెబుతాను.

మార్చి రెండో తారీకు మధ్యాహ్నం, ఖాళీ సత్తు తట్ట గుమ్మం బయట బోర్లించి, ఒకావిడ లోపలికి వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. చీర మోకాళ్ళ కిందికి ఎగ్గట్టుకుంది. చేపల వాసన. నేను ఏసీ పెంచాను. అది ఆవిడ చూసింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

"పాపా, మనిషి కనబడి మాటాడే ఫోనొకటి సూపించు."

ఆవిడ పేరు కాశమ్మ. ఊరు యారాడ. భర్త మరబోటు మీద కలాసీ. తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్‌లో వేలంపాటకు నిలబడి చేపలు కొని, బస్సెక్కి గాజువాక వచ్చి వీధుల్లో తిరిగి అమ్ముతుంది. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. ఆ రోజు నేను చూసింది ఒక బేరాన్ని.

కెమెరా గురించి మొదలుపెట్టాను. ఇన్ని మెగాపిక్సెళ్ళు, అంత స్టోరేజీ అని పాఠం చదివాను.

"అయన్నీ నాకెందుకు? నువ్వొకటి పట్టుకోని ఆ మూలకెల్లు. నాకు ఫోన్ సెయ్యి. సేతులాడించు."

నాకు ఒళ్ళు మండింది. అయినా బేరం కదా, వెళ్ళాను. ఒక చెయ్యి ఊపాను. ఆవిడ తెరలోకి ముక్కు ఆనించినంత దగ్గరగా చూసి తల అడ్డంగా ఊపింది.

"ఇది నత్తి ఫోను. సెయ్యి పైనుంచి కిందకొచ్చిందిగాని మద్దిలో ఏటయిందో సెప్పట్లేదు."

రెండో ఫోన్‌కూ నత్తే. మూడోదాంట్లో నా వేళ్ళు వేళ్ళుగా కనబడ్డాయి. దాని ధర తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది. ఆవిడ దాన్ని బల్ల మీద నిలబెట్టబోయింది. అది జారి పడింది.

"ఇది తనంతట తాను నిలబడదేటి?"

"ఫోన్ నిలబడ్డమేంటమ్మా? చేత్తో పట్టుకోవాలి!"

"సేత్తో పట్టుకుంటే మరి మాటాడ్డం ఏటితోటి?"

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. అప్పుడు చెప్పింది. కూతురు పుష్పకు మూడో ఏట జ్వరం వచ్చి వినికిడి పోయింది, మాట కూడా ఆగిపోయింది. తల్లీకూతుళ్ళు మాట్లాడుకునేది చేతులతోనే. బడిలో నేర్పిన సైగలు కొన్ని, ఇంట్లో వీళ్ళు కట్టుకున్నవి కొన్ని. ఇప్పుడు పుష్పకు పందొమ్మిది. హైదరాబాద్‌లో ఒక గోదాములో పార్సెళ్ళు సర్దే ఉద్యోగం బడివాళ్ళే చూశారు, ఒక ఫోన్ కూడా ఇప్పించారు. ఏప్రిల్ పదిన రైలు.

కాశమ్మ దగ్గరున్నది బటన్ల ఫోను. కూతుర్ని ఆవిడ 'గుంట' అనే అంటుంది. "ఇందులో నా గుంట గొంతు లేదు పాపా. అది రైలెక్కీసిందంటే, ఫోనున్నా నాకూ దానికీ మాట లేనట్టే."

నేను ఏసీ తగ్గించాను. ఏదో ఒకటి చెయ్యాలనిపించి చేసిన పని అది, ఇంకేమీ తోచలేదు.

అయినా నా వృత్తి ఊరుకోదుగా. మూడు దారులు చెప్పాను. మొదటిది వాయిదాలు. ఇవాళ పందొమ్మిది వందల తొంభై తొమ్మిది కట్టి ఫోన్ పట్టుకెళ్ళడం, తర్వాత నెలకు ఎనిమిది వందల చొప్పున పది నెలలు, వడ్డీ సున్నా. తగ్గిన గొంతుతో మిగతాది కూడా చెప్పాను. ఫైలు ఖర్చు నాలుగొందల తొంభై తొమ్మిది, ఫోన్ బీమా ఆరొందల తొంభై తొమ్మిది.

ఆవిడ పెదాలు కూడా కదపకుండా లెక్క కట్టేసింది. "వడ్డీ లేదన్నావు. మరి రెండ్రూపాయల తక్కువ పన్నెండొందలు ఎక్కువ కడతన్నానే, దాని పేరేటి?"

నేను కాలిక్యులేటర్ నొక్కాను. పదకొండు వందల తొంభై ఎనిమిది. బడి మొహం చూడని మనిషి అంకె చెబితే, డిగ్రీ చదివిన నేను మిషన్ మీద సరిచూసుకుంటున్నాను.

"సరే, నెలనెలా ఎప్పుడు కట్టాల?"

"అయిదో తారీకు."

"మే అయిదునా? జూన్ అయిదునా?"

"ప్రతి నెలా అమ్మా."

"మాకు ఏడాదికి పది నెల్లే పాపా. ఏప్రిల్ పదేను నుంచి జూన్ పద్నాలుగు దాకా వేట బందు. బోట్లన్నీ కట్టీసుంటాయి. ఆ రెండ్నెల్లూ సముద్రం మాకు పైసా ఇవ్వదు. గవర్నమెంటిచ్చే డబ్బులు ఎప్పుడు పడతాయో ఆళ్ళకే తెలవదు. కట్టకపోతే ఏటవుద్ది?"

"ఆలస్య రుసుము పడుతుంది," అన్నాను. అది నిజమే.

"అంతేనా?"

అడిగిన తీరు అలాంటిది. హార్బర్‌లో చేప మొప్ప ఎత్తి చూసినట్టు చూసింది నన్ను. పదకొండేళ్ళలో ఎవరూ ఆ రెండో ప్రశ్న అడగలేదు. ఎవరూ అడగలేదు కాబట్టే నేనూ చెప్పలేదు.

"ఫోన్‌కి తాళం పడుతుంది. డబ్బు కట్టేదాకా ఏదీ తెరుచుకోదు."

కాశమ్మ ఆ ఫోన్‌ను మెల్లగా వెనక్కి నెట్టింది. "అంటే నా గుంట నోరు మీ తాళం బుర్రలో ఉంటాదన్నమాట."

రెండో దారి ఒప్పందం. ఒక ఫోన్ కంపెనీ కొత్తగా పెట్టింది. మూడు వేలు ముందు, తర్వాత రెండేళ్ళపాటు నెలకు ఆరొందలు. రీఛార్జి అందులోనే. కానీ రెండేళ్ళూ వాళ్ళ సిమ్మే వాడాలి. ఇది చవకే అవుతుందని నాకు నమ్మకం, కాశమ్మ కూడా లెక్కేసి, రీఛార్జి తీసేస్తే ఇంచుమించు సరిపోతుందని ఒప్పుకుంది. ఆ తర్వాత ఏ కంపెనీ అని అడిగింది. చెప్పాను.

"ఆళ్ళ సిగ్నలు మా ఊళ్ళోకి రాదు. కొండ అడ్డం. కొండెక్కి నిలబడి సేతులూపాల. సూసినోళ్ళు దెయ్యమట్టిందనుకుంటారు."

ఈసారి ఇద్దరం నవ్వాం.

మూడో దారి, మొత్తం డబ్బు ఒకేసారి కట్టి పట్టుకెళ్ళడం. ఆవిడ దగ్గర ఆరు వేల రెండొందలున్నాయి. అవి కూడా వేట బందులో ఇంటి ఖర్చు కోసం దాచినవి. అప్పు తెస్తావా అంటే తల అడ్డంగా ఊపింది. అప్పు చేసి పప్పుకూడు తినే రకం కాదు. ఇక ఇది తెగే బేరం కాదని, ఫైలు పుస్తకం మూసేశాను.

కాశమ్మ లేవలేదు. ఫోన్ పెట్టెను తన వైపు లాక్కుంది.

"పాపా, వాయిదాలు నాను ముందు కట్టీస్తాను. ఫోను మీరు ఆకర్న ఇయ్యండి."

"అంటే?"

"ఈ ఆరేల రెండొందలు ఇయ్యాలే ఉంచు. రేపట్నుంచి ఈ దారినే ఎల్తాను గదా, దినానికో వంద నీకిచ్చీసి పోతాను. ఏప్రిల్ తొమ్మిదికి అయిపోద్ది. వడ్డీ నువ్వూ అడగొద్దు, నానూ అడగను. తాళం మీ సేతిలో కాదు, నా సేతిలో ఉంటాది."

మా ఓనరు కనకరత్నం గారు గల్లాపెట్టె దగ్గరనుంచి పకపకా నవ్వారు. "ఇదెక్కడి బేరమమ్మా, వంట కాకముందే విస్తరి డబ్బులిచ్చినట్టు!" ఆయన నవ్వినా డబ్బు ముందే వస్తుంది కాబట్టి కాదనలేదు. నేను రసీదు రాస్తుంటే, కాశమ్మ ఆ పెట్టె మీద అరచెయ్యి ఆనించి, ఆయనవైపు తిరిగింది.

"హార్బర్లో గంప మీద సెయ్యేసి రేటు సెప్పినామంటే అదే రేటు బాబూ. ఎనకాల బోట్లొచ్చి రేటు పడిపోయినా మేం తగ్గించమని అడగం. సేపకు కరువొచ్చి పెరిగినా బోటోడు పెంచడు. నాను సెయ్యేసినాను."

"సరే సరే," అన్నారాయన, ఫోన్ చూసుకుంటూ.

చదువు రాదు కాబట్టి పెట్టె మీద తన పేరు గుర్తుపట్టలేనంది. నా దగ్గర స్కెచ్ పెన్ను తీసుకుని ఒక చేప బొమ్మ గీసింది. ఆ పెట్టెను పై అరలో పెట్టాను.

మర్నాడు వస్తుందా అని చూశాను. వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. బొడ్లోంచి తీసిన వంద నోటు రోజూ ఐసు నీళ్ళకు తడిసి ఉండేది. నేను దాన్ని ఫ్యాన్ కింద ఆరబెట్టి రాసుకునేదాన్ని. ఒక రోజు అమ్మకం లేక నలభయ్యే ఇచ్చి, మర్నాడు నూట అరవై ఇచ్చింది. ఒక రోజు కాలు బెణికింది, కుంటుతూనే వచ్చింది. నెలకు ముప్పై వేలు సంపాదించే కుర్రాళ్ళ వెంట రెండో వాయిదాకే పడి ఫోన్ల మీద ఫోన్లు చేసే దాన్ని నేను. ఆ తడి నోట్లు చూస్తుంటే నాలో పొగరు రోజుకో వంద చొప్పున తగ్గుతూ వచ్చింది. కాశమ్మ గారూ అని మొదలుపెట్టి, ఎప్పుడో తెలియకుండానే పిన్నీ అనేశాను.

మార్చి ఆఖర్లో కంపెనీ ఆ ఫోన్ ధర ఏడొందలు పెంచింది. కనకరత్నం గారు నన్ను పిలిచి, "ఆ చేపలావిడకు చెప్పు, ఏడొందలు ఎక్కువవుతుంది" అన్నారు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"నేను చెప్పనండీ. ఆవిడ చెయ్యేసినప్పుడు సరే సరే అన్నది మీరు. చెప్పేదేదో మీరే చెప్పండి."

మధ్యాహ్నం కాశమ్మ వచ్చింది. ఆయనే చెప్పారు. ఆవిడ గొడవ పడలేదు, బతిమాలలేదు. నిజంగానే అర్థం కానట్టు చూసింది.

"సెయ్యేసినాను గదా బాబూ. మళ్ళీ రేటేటి?"

అంతే అంది. మాట తప్పడమనే పని ఒకటి ఉంటుందని తెలియనట్టు అంది. కనకరత్నం గారు ముప్పై ఏళ్ళుగా బేరాలాడిన మనిషి. ఆయన "పాతరేటుకే రాసుకో రోజారమణీ" అని లోపలికి వెళ్ళిపోయారు.

ఏప్రిల్ తొమ్మిదిన ఆఖరి వంద వచ్చింది. మొత్తం పది వేలు. నేను ఒక రూపాయి తిరిగిచ్చాను. కాశమ్మ ఆ రూపాయి తీసుకుని కొంగున ముడేసుకుంది. ఆ రోజు వెంట పుష్ప కూడా వచ్చింది. సన్నగా, తల్లికంటే పొడుగ్గా, కళ్ళతోనే అందరినీ వింటున్నట్టుండే పిల్ల. ఫోన్‌లో అన్నీ ఆ పిల్లే సర్దింది. కాశమ్మ సంచిలోంచి ఒక చెక్కముక్క తీసింది. పాత బోటు బల్ల కోసి, మధ్యలో గాడి తీసి భర్త చేసిచ్చాడట. ఫోన్‌ను ఆ గాడిలో పెడితే బుద్ధిగా నిలబడింది.

పుష్ప తన ఫోన్ తీసుకుని రోడ్డు దాటి బస్టాప్‌లో నిలబడింది. కాశమ్మ మా బల్ల దగ్గర. రెండు చేతులూ కడుక్కుని, కొంగుతో తుడుచుకుని మొదలుపెట్టింది. మధ్యలో బస్సులు, షేర్ ఆటోలు, లారీల హారన్లు. పక్క మనిషికి మాట చెప్పాలన్నా అరవాల్సిన రోడ్డు అది. ఆ చప్పుడు మీదుగా ఇద్దరూ హాయిగా కబుర్లు చెప్పుకుంటున్నారు. పుష్ప అక్కడ నవ్వితే కాశమ్మ భుజాలు ఇక్కడ కదిలాయి. పదకొండేళ్ళుగా ఈ వస్తువును అమ్ముతున్నాను. ఇది ఇంత పని చేస్తుందని నాకు ఆ రోజే తెలిసింది. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు కూడా.

తర్వాత వేట బందు వచ్చింది. కాశమ్మ కనబడలేదు.

మే ఆరున షాపు తెరిచేసరికి గుమ్మంలో తొమ్మిది మంది. అందరూ హార్బర్ మీద బతికేవాళ్ళే. అందరూ నా దగ్గర వాయిదాల్లో కొన్నవాళ్ళే. అయిదో తారీకు దాటింది, ఫోన్లకు తాళాలు పడ్డాయి. 'ఈ తాళమేటో ముందే సెప్పొచ్చు గదా' అని ఒకాయన అన్నాడు. వాళ్ళలో యారాడ నుంచి వచ్చిన పోతమ్మ అనే ఆమెకు తోడుగా కాశమ్మ వచ్చింది. ఫైనాన్సు వాళ్ళకు ఫోన్ల మీద ఫోన్లు చేస్తూ, గడువు ఇమ్మని నేను అడుక్కుంటూ ఉండగా మధ్యాహ్నమైంది.

అప్పుడు కాశమ్మ సంచిలో ఫోన్ వెలిగింది.

ఆవిడ చెక్క తీసి బల్ల మీద పెట్టి, ఫోన్ నిలబెట్టింది. తెరలో పుష్ప. హాస్టల్ మంచం మీద ఒక పక్కకు ముడుచుకుని ఉంది. మొహం పాలిపోయింది. చేతులు మాత్రం గబగబా కదులుతున్నాయి. షాపులో తొమ్మిది మందీ బల్ల చుట్టూ చేరారు.

కాశమ్మ చూస్తోంది. మధ్యలో ఏదో అడిగింది. పుష్ప జవాబు చెప్పింది. ఇంకేదో అడిగింది. పుష్ప బొడ్డు దగ్గర వేలు పెట్టి, అక్కడినుంచి కుడి పక్కకు, కిందికి జరిపింది. ఆ తర్వాత గది తోడు పిల్ల వెళ్ళి వార్డెన్‌ను పిలుచుకొచ్చింది.

"ఏం లేదమ్మా, నిన్ననే కాగితం మీద కడుపు నొప్పి అని రాసిచ్చింది. గ్యాస్ బిళ్ళ ఇచ్చాను," అంది వార్డెన్ గొంతు.

"కాయితం మీద రెండు మాటలే రాసుంటాదమ్మా. నాకు మొత్తం సెప్తాంది. మొన్న రాత్రి బొడ్డు కాడ మొదలైంది, ఇప్పుడు కుడేపు కిందకొచ్చి ఆగిపోనాది. నడిస్తే పొడుస్తాంది. మూడుసార్లు కక్కింది. ఒళ్ళు కాలిపోతాంది. ఇది గేసు కాదు తల్లీ. నా గుంట సెయ్యి కోసుకున్నా సెప్పదు. అది మంచమెక్కి సెప్తాందంటే బేగి ఆస్పత్రికి తీసుకెల్లిపోవాల. నీ కాళ్ళట్టుకుంటాను."

చెబుతుంటే కాశమ్మ గొంతు వణికిపోతోంది. మాట మాటకీ తెగిపోతోంది. కానీ నేను చూసింది అది కాదు. ఆ నోరు వార్డెన్‌ను బతిమాలుతున్నంతసేపూ, ఆ రెండు చేతులు కూతురికి వేరే ఏదో చెబుతున్నాయి. నిదానంగా, గుండ్రంగా, జోల పాడుతున్నట్టు కదులుతున్నాయి. ఒక్క వేలు కూడా వణకలేదు. పక్కన పోతమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

వార్డెన్ ఆటో పిలవడానికి పరిగెత్తింది. ఇద్దరు పిల్లలు పుష్పను లేపి నడిపించారు. వెళ్తూ వెళ్తూ పుష్ప తల్లివైపు తిరిగి చేత్తో చిన్న సైగ చేసింది. కాశమ్మ అదే సైగ తిరిగి చేసింది. తెర నల్లబడింది.

ఆ సాయంత్రమే ఆపరేషన్ అయింది. ఇంకొన్ని గంటలు ఆలస్యమైతే అపెండిక్స్ పగిలిపోయేదని డాక్టరు అన్నాడట. పుష్ప ఇప్పుడు బాగుంది, నెల దాటాక పనికి కూడా వెళ్ళింది. నేను కూడా మారాను. వాయిదా కాగితం తిప్పకముందే తాళం సంగతి చెబుతాను, ఏడాదికి మీకెన్ని నెలలని అడుగుతాను. నెలకు పదిహేను ఫైళ్ళు అవడం లేదు. కనకరత్నం గారు గొణుగుతారు.

కానీ నాకు రాత్రి నిద్రలో కూడా కనిపించేది వేరు. తెర నల్లబడ్డాక, కాశమ్మ ఫోన్‌ను చెక్క గాడిలోంచి తియ్యబోయింది. తియ్యలేకపోయింది. అప్పుడు వణికాయి ఆ చేతులు, మోచేతుల దాకా. నేను బల్ల ఇవతలికి వచ్చి వాటిని పట్టుకున్నాను. అవి చల్లగా ఉన్నాయి.

"ఇందాక ఒక్క వేలైనా వణకలేదేం పిన్నీ?" అన్నాను.

"గొంతు వణికితే దానికి వినబడదు పాపా," అంది కాశమ్మ. "సెయ్యి వణికితే భయపడిపోద్ది."